చిన్న వ్యాపారానికి చవకగా వెబ్‌సైట్: ఏది ఎవరికి సరిపోతుంది?

ఆత్రేయపురంలో నాకు వరసకి పిన్ని ఒకావిడ ఇంటి వరండాలోనే పూతరేకులు చుట్టి అమ్ముతుంది. పోయిన సంక్రాంతికి వాళ్లింట్లో ఉన్నాను. పిన్ని చేతులకి మణికట్టు దాకా నెయ్యి, పంచదార పొడి. పక్కన పీట మీద ఫోను మోగుతూనే ఉంది, తను ముట్టుకునే వీల్లేదు. ఏడో తరగతి చదివే మనవడు కూర్చుని వాట్సాప్ మెసేజీలు పైకి చదువుతున్నాడు. "బెల్లంవి ఉన్నాయా అండీ?" "పెట్టెలో ఎన్ని వస్తాయి?" "హైదరాబాద్ పంపుతారా?" "ఎన్నాళ్లు నిలవుంటాయి?" గంటసేపట్లో ఆ నాలుగు ప్రశ్నలే తిరిగి తిరిగి వచ్చాయి. జవాబు ఆలస్యమైతే అడిగినవాళ్లు ఆగరు, ఆ ఊళ్లో పూతరేకుల కొట్లకేం తక్కువ లేదు.

"పిన్నీ, ఇవన్నీ ఒకచోట రాసిపెట్టి ఒక వెబ్‌సైట్ పెట్టుకోకూడదూ" అన్నాను.

"ఉండేదిరా. పోయింది" అంది.

రెండేళ్ల కిందట ఒకతను వచ్చి పన్నెండు వేలు తీసుకుని సైట్ చేసిచ్చాడట. బాగానే ఉండేదట కూడా. ఏడాది తిరిగేసరికి డొమైన్ (సైట్ అడ్రసుగా ఏటా డబ్బు కట్టి ఉంచుకునే పేరు) గడువు అయిపోయింది. డొమైన్ కొన్నది అతని పేరు మీద, అతని ఈమెయిల్‌తో. గడువు దగ్గర పడిందన్న హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి. అతను ఊరు మారాడు, ఫోన్ నంబరు మార్చాడు. అప్పటికే ఆ సైట్ అడ్రసు వేయించిన అట్టపెట్టెలు నాలుగు వందలు అటక మీద ఉన్నాయి. కోడలు కూర్చుని ఒక్కో పెట్టె మీదా ఆ అడ్రసు కనపడకుండా తెల్ల స్టిక్కరు అంటించింది. ఆ పెట్టెలు నేను చేత్తో పట్టుకుని చూశాను. స్టిక్కరు కింద నుంచి అడ్రసు చివరి అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

చిన్న వ్యాపారాలకి సైట్లు పెట్టివ్వడమే నా పని. ఏ టూల్ మంచిది, ఏది చవక అని అందరూ అడుగుతారు. ఆ పెట్టెలు చూశాక నేను మాత్రం మూడు సంగతులే చూస్తున్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుంది? రెండో ఏడు ఎంత కట్టాలి? రాత్రి తొమ్మిదింటికి నెయ్యి ధర పెరిగిందని తెలిస్తే, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా రేటు మనమే మార్చుకోగలమా? కింద చెప్పే పోలికంతా ఈ మూడింటి మీదే.

ముందు పేరు కొనుక్కోండి

సైట్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోకపోయినా ఫర్వాలేదు, డొమైన్ మాత్రం ముందే కొనేయండి. మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా, మీ కార్డుతోనో యూపీఐతోనో మీరే కట్టి కొనండి. పది నిమిషాల పని. డాట్ ఇన్ అయితే మొదటి ఏడాది ఐదారు వందలు, తర్వాత ఏటా ఏడెనిమిది వందల నుంచి వెయ్యి దాకా అవుతుంది. డాట్ కామ్ దానికన్నా కాస్త ఎక్కువ. మీ కొనుగోలుదారులంతా ఇక్కడివాళ్లే అయితే డాట్ ఇన్ చాలు. అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి అమ్మానాన్నలకి ఆర్డర్ పెట్టే వ్యాపారమైనా చాలు, ఈ అడ్రసు తెరిచేవాళ్లు తెలుగువాళ్లే కదా.

పేరు ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా కొట్టగలగాలి. "పూతరేకులు" అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. "పూ"కి రెండు ఓలా, ఒక యూనా? "త"కి హెచ్ ఉందా, లేదా? అందుకే సరుకు పేరు కాకుండా ఇంటిపేరో ఊరిపేరో చిన్నగా ఉండేది తీసుకోమంటాను. హైఫన్లు, అంకెలు వద్దు. తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ డొమైన్లు కూడా దొరుకుతాయి. ముచ్చటగా ఉంటాయి, కానీ చాలామంది అడ్రసు ఇంగ్లీషు కీబోర్డుతోనే కొడతారు కాబట్టి దాన్ని రెండో పేరుగా పెట్టుకోవచ్చు, ఒక్కటే పేరుగా మాత్రం వద్దు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, సొంత పేరున్నవాళ్లకి కింద చెప్పే దారుల్లో ఏదీ ఉచ్చు కాదు. ఇవాళ ఒకచోట పెట్టిన సైట్ రేపు నచ్చకపోతే ఇంకోచోట కట్టుకుని అదే పేరుని అటు తిప్పుకోవచ్చు. కొన్న చోటు నచ్చకపోయినా ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకుని వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్ వెతుకులాటలో, మ్యాప్స్‌లో కొట్టు వివరాలు చూపేది) ఒకప్పుడు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవారు, గుర్తుందా? 2024 మార్చిలో వాటిని మూసేశారు. జూన్ 10 దాకా పాత అడ్రసు కొడితే ప్రొఫైల్‌కి తీసుకెళ్లేది, తర్వాత అదీ ఆగిపోయింది. బోర్డుల మీద, బిల్లు పుస్తకాల మీద ఆ ఉచిత అడ్రసే వేసుకున్నవాళ్లు నష్టపోయారు. సొంత డొమైన్ తగిలించుకున్నవాళ్లు దాన్ని మరోచోటికి తిప్పుకున్నారు.

సైట్ లేకుండా సరిపోయేవాళ్లు

టైలరు, మోటారు మెకానిక్కు, ట్యూషన్ సెంటరు, ఊళ్లో టిఫిన్ కొట్టు. వీళ్ల బేరమంతా చుట్టూ ఐదారు కిలోమీటర్లలోనే ఉంటుంది. వీళ్లకి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు. రెండూ ఉచితం. ప్రొఫైల్‌లో పనివేళలు, ఫోన్ నంబరు, దారి, పది మంచి ఫోటోలు, ఊరివాళ్లు రాసిన రివ్యూలు ఉంటే "దగ్గర్లో టైలర్" అని వెతికేవాళ్లకి మీరు కనిపిస్తారు. వెరిఫికేషన్‌కి ఇప్పుడు చాలామటుకు వీడియో అడుగుతున్నారు. కొట్టు బోర్డు, వీధి, లోపలి సామాను ఒకే వీడియోలో ఆపకుండా తియ్యాలి.

వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ అనే సదుపాయం ఉంది. ఐదు వందల దాకా వస్తువుల్ని ఫోటో, ధరతో పెట్టుకోవచ్చు. చాలామంది ఆ యాప్ వేసుకుని కూడా దీన్ని తెరవరు. పిన్ని మనవడి చేత ఆ రోజే పెట్టించాను: బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్, మూడే వస్తువులు. ఎవరైనా మెసేజ్ పెట్టగానే దానంతటదే వెళ్లే పలకరింపులో ధరలు, పార్శిల్ వెళ్లే రోజులు రాశాం. సాయంత్రానికి ఫోను మోత కొంత తగ్గింది.

అయితే ఈ దారిలో తాళంచెవి మన దగ్గర లేదు. నంబరు బ్లాక్ అయినా, ప్రొఫైల్ సస్పెండ్ అయినా, మళ్లీ వచ్చేదాకా బ్రతిమాలుకుంటూ కూర్చోవాలి. పైగా క్యాటలాగ్‌లోని సరుకు గూగుల్ వెతుకులాటలో తేలదు. ఆత్రేయపురం పేరు విని, ఎక్కడో బెంగళూరులో కూర్చుని వెతికే మనిషికి పిన్ని కనపడదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఊరి పేరుతో సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చాక అలా ఊరి పేరుతో వెతికి కొనేవాళ్ల మీద నాకు ఇంకా నమ్మకం కుదిరింది. ఊరు దాటి అమ్మేవాళ్లకి ఒక పేజీ అయినా సొంతది ఉండాలి.

గూగుల్ సైట్స్, బ్లాగర్

తక్కువ ఖర్చులో సొంత పేజీ కావాలన్నవాళ్లకి నేను మొదట చెప్పేది గూగుల్ సైట్స్. మామూలు జీమెయిల్ ఉంటే చాలు. హోస్టింగ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో సైట్ ఉండే చోటుకి, డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు రావు, మీరు కొన్న డొమైన్‌ని ఉచితంగా తగిలించుకోవచ్చు, సురక్షితమైన https అడ్రసు దానంతటదే వస్తుంది. హ్యాక్ అవుతుందని, అప్‌డేట్ చెయ్యాలని భయం లేదు. డొమైన్ తగిలించేటప్పుడు ఒక చిక్కు ఉంది. మూడు డబుల్యూలతో మొదలయ్యే అడ్రసుకే అది కుదురుతుంది. ఉత్త పేరు కొట్టినవాళ్లు కూడా రావాలంటే డొమైన్ కొన్నచోట ఫార్వర్డింగ్ పెట్టాలి. ఇది మర్చిపోయి "సైట్ రావట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లు నాకు చాలామంది.

దీని లోటు మూడో ప్రశ్న దగ్గర. సైట్స్‌ని ఫోన్‌లో దిద్దడం కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోవాలి. దీనికి నేను వాడే ఉపాయం ఇది. ధరల పట్టికని గూగుల్ షీట్‌లో రాసి, చూడ్డానికి మాత్రం అందరికీ అనుమతిచ్చి, ఆ షీట్‌ని పేజీలో అతికిస్తాను. షీట్స్ యాప్ ఫోన్‌లో ఉంటుంది. రేటు అక్కడ మారిస్తే కాసేపట్లో సైట్‌లోనూ మారుతుంది. చూడ్డానికి మరీ అందంగా ఉండదు, గళ్లు గళ్లుగా ఉంటుంది. కానీ ధర సరిగ్గా ఉంటుంది. పాత ధర చూసి ఆర్డర్ పెట్టినవాళ్లతో గొడవ పడడం కన్నా గళ్ల పట్టిక వెయ్యి రెట్లు నయం.

బ్లాగర్ కూడా గూగుల్‌దే, అదీ ఉచితమే, దానికీ సొంత డొమైన్ పడుతుంది. ఫోన్ బ్రౌజర్‌లోంచే రాసి పెట్టొచ్చు. నర్సరీవాళ్లు, విత్తనాలవాళ్లు, వంట నేర్పేవాళ్లు, అంటే వారం వారం ఏదో ఒకటి రాయడానికి సరుకున్నవాళ్లు దాన్ని ఎంచుకోవచ్చు. మిగతావాళ్లకి సైట్సే తేలిక.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లు చేత్తో రాసిన పేజీని క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. అది చాలా వేగంగా తెరుచుకుంటుంది. గిట్‌హబ్ పేజెస్‌లో పెడదామని పిల్లలు అంటారు, కానీ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదని గిట్‌హబ్ షరతుల్లోనే ఉంది. పిల్లలు ఉద్యోగానికి వెళ్లిపోయాక ఆ పేజీని దిద్దేదెవరన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి.

వర్డ్‌ప్రెస్

ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దీని మీదే నడుస్తున్నాయి. 2003లో మొదలైంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ మనం కొనాలి. ఫోన్‌లోంచి దిద్దుకోవచ్చు. వూకామర్స్ అనే ప్లగిన్ (అదనపు సదుపాయం కోసం తగిలించే చిన్న ప్రోగ్రాం) వేస్తే కార్టు, చెల్లింపు, ఆర్డర్ల లెక్క అన్నీ వస్తాయి, అదీ ఉచితమే. రేపు వంద రకాల చీరలు పెట్టాలన్నా, ఇంకో భాషలో పెట్టాలన్నా, హోస్టింగ్ కంపెనీ మార్చాలన్నా దారి ఉంటుంది. తాళంచెవి పూర్తిగా మన దగ్గరే ఉండేది ఇందులోనే.

మరి అందరికీ ఇదే ఎందుకు చెప్పను? దీన్ని పెంచాలి, ఆవుని పెంచినట్టు. రోజూ చూడకపోయినా వారానికొకసారి చూడాలి. వర్డ్‌ప్రెస్‌కి అప్‌డేట్, సైట్ రూపాన్ని ఇచ్చే థీమ్‌కి అప్‌డేట్, ప్రతి ప్లగిన్‌కీ అప్‌డేట్. ఒక చీరల కొట్టువాళ్లు ఏడాదిన్నర ముట్టుకోకుండా వదిలేశారు. ఒకరోజు గూగుల్‌లో కొట్టు పేరు వెతికితే కింద వందలకొద్దీ జపనీస్ అక్షరాల పేజీలు. పాత ప్లగిన్‌లోని కంతలోంచి ఎవరో దూరి, వాళ్ల డొమైన్ కింద నకిలీ సరుకుల పేజీలు పెట్టేశారు. బ్యాకప్ లేదు. శుభ్రం చెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, గూగుల్‌లోంచి ఆ పేజీలు పోవడానికి నెలలు పట్టింది. ఏడాదిన్నరగా ఒక్క బటన్ నొక్కలేదని ఆ కొట్టాయన బాధపడుతుంటే ఏం చెప్పను? ఆ బటన్ నొక్కాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అందుకని వర్డ్‌ప్రెస్ పెట్టుకునేవాళ్లకి నా షరతులు: ప్లగిన్లు పది దాటకూడదు, దొంగతనంగా ఉచితంగా దొరికే ఖరీదైన థీమ్‌ల జోలికి పోకూడదు, వారానికొక బ్యాకప్ హోస్టింగ్‌లో కాకుండా మీ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లాలి. ఈ పని చెయ్యగల మనిషి ఇంట్లో ఒకరున్నారా? ఉంటే పెట్టుకోండి. లేరంటే మీ బేరం ఇంకా ఆ స్థాయికి రాలేదనుకుని సైట్స్‌తో సరిపెట్టుకోండి.

హోస్టింగ్ ధర దగ్గర ఒక మాట. ప్రకటనలో కనపడే "నెలకి వంద రూపాయలు" మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కడితేనే. దాని మీద 18 శాతం జీఎస్టీ. గడువయ్యాక రెన్యువల్ ధర అంతకు మూడు రెట్లు ఉండడం మామూలే. కొనే ముందు చెక్అవుట్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే రెన్యువల్ ధర చూసి, దాన్నే అసలు ధర అనుకోండి. https అడ్రసుకి కావాల్సిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కని విడిగా వెయ్యో రెండు వేలో అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి దాన్ని ఉచితంగా ఇస్తోంది, చాలా హోస్టింగ్‌లలో ఒక్క క్లిక్‌తో వస్తుంది.

నెలవారీ అద్దె దుకాణాలు

షాపిఫైలాంటివి. అన్నీ కట్టి ఉన్న దుకాణం, మనం సరుకు సర్దుకోవడమే. అప్‌డేట్ల బాధ లేదు, ఫోన్ యాప్‌లోంచే ధరలు, స్టాకు, ఆర్డర్లు చూసుకోవచ్చు. బేసిక్ ప్లాన్ నెల నెలా కడితే దాదాపు రెండు వేలు, ఏడాదిది ఒకేసారి కడితే కొంత తగ్గుతుంది. మన దేశంలో షాపిఫై సొంత చెల్లింపు వ్యవస్థ లేదు కాబట్టి కార్డు, యూపీఐ డబ్బు తీసుకుని మన ఖాతాకి చేర్చే పేమెంట్ గేట్‌వే వేరేది పెట్టుకోవాలి. దానివల్ల బేసిక్ ప్లాన్‌లో ప్రతి అమ్మకం మీద షాపిఫైకి రెండు శాతం, గేట్‌వేకి మరో రెండు శాతం చొప్పున పోతుంది. నెలకి లక్ష అమ్మితే అద్దె కాక నాలుగు వేలకు పైమాటే.

రోజుకి ఇరవై ముప్పై పార్శిళ్లు దాటి, రకాలు పెరిగి, స్టాకు లెక్క నోటుపుస్తకంలో తప్పిపోతుంటే ఆ డబ్బు దండగ కాదు. ఒక ఉద్యోగిని పెట్టుకున్నట్టే. రోజుకి ఐదారు ఆర్డర్లున్న వాళ్లకి మాత్రం లాభంలోంచి పెద్ద ముక్క కోసిచ్చినట్టు. విక్స్‌లాంటి వాటిలో ఉచిత ప్లాన్ ఉంది కానీ వాళ్ల ప్రకటన మన పేజీ మీద ఉంటుంది, సొంత డొమైన్ పడదు. అది ప్రయత్నించి చూడ్డానికే, వ్యాపారానికి కాదు.

చెల్లింపుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గేట్‌వేలు మామూలుగా రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. ఐదు వందల ఆర్డర్ మీద పదకొండు రూపాయల ఎనభై పైసలు. అదే ఐదు వందలు మీ యూపీఐ క్యూఆర్‌కి నేరుగా వస్తే ఏమీ పోదు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారుల దగ్గర ఎండీఆర్ అనే చెల్లింపు రుసుము తీసుకోవడం లేదు. అందుకే మొదట్లో సైట్‌లో కార్టు పెట్టకుండా, ప్రతి సరుకు కిందా "వాట్సాప్‌లో ఆర్డర్ చెయ్యండి" అన్న బటన్ పెట్టమంటాను. ఒక్క జాగ్రత్త. కట్టేశామని పంపే స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే కట్టండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచెయ్యడం చిటికెలో పని.

చేయించుకుంటే

డెవలపర్ దగ్గర చేయించుకోవడం తప్పని నేననను, నా బతుకుతెరువే అది. ఐదు వేల నుంచి పాతిక వేల దాకా మా వైపు తీసుకుంటారు. మంచివాళ్లు మీ సమయం మిగులుస్తారు, ఫోటోలు సర్దుతారు, మీకు తట్టని ప్రశ్నలు అడుగుతారు. డబ్బు ఇచ్చే ముందు మాత్రం కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి: డొమైన్ నా పేరు మీద, నా ఈమెయిల్‌తో ఉంటుంది. హోస్టింగ్ ఖాతా నాది. సైట్ అడ్మిన్ పాస్‌వర్డు నాకిస్తారు. రెండో ఏడు నుంచి ఏటా ఇంత కట్టాలి, అందులో ఇన్ని మార్పులు కలిసే ఉంటాయి. "అవన్నీ మీకెందుకండీ, మేం చూసుకుంటాం" అంటే, ఎంత చవకగా చేసినా ఆ బేరం వదిలెయ్యండి. పిన్నికి పన్నెండు వేలు పోయినందుకు కాదు బాధ. ఏడాదిగా జనం నోట్లో నానిన అడ్రసు పోయింది, అది డబ్బిచ్చినా వెంటనే రాదు.

ఇప్పటికే ఇంకొకరి పేరు మీద ఉంటే, ఆ మనిషితో మాటలున్నప్పుడే ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగి మార్పించుకోండి. గడువు దాటిన డాట్ కామ్ డొమైన్ కూడా వెంటనే పోదు. కొన్నాళ్లు మామూలు ధరకే, ఆ తర్వాత ఇంకో 30 రోజులు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. అయితే తెచ్చుకోవాల్సింది ఆ ఖాతా ఉన్నవాళ్లే.

మూడేళ్ల లెక్క

మొదటి ఏడాది ధర చూసి పోల్చితే అన్నీ చవకగానే కనిపిస్తాయి. మూడేళ్లకి వేసి చూడండి. ప్రొఫైల్, వాట్సాప్: సున్నా. సొంత డొమైన్‌తో గూగుల్ సైట్స్: రెండు వేల నుంచి మూడు వేల మధ్య, అంతా డొమైన్‌కే. వర్డ్‌ప్రెస్: మొదటి మూడేళ్లకి హోస్టింగ్, డొమైన్, జీఎస్టీ కలిపి ఆరు వేల నుంచి తొమ్మిది వేలు. తర్వాతి మూడేళ్లకి రెన్యువల్ ధరలో పదిహేను వేలు దాటినా ఆశ్చర్యపోకండి. అద్దె దుకాణం: మూడేళ్లకి అద్దే యాభై నుంచి డెబ్భై వేలు, అమ్మకాల మీద పోయే శాతాలు విడిగా. డెవలపర్‌ని పెట్టుకుంటే పైవాటిలో దేని మీద కడితే దానికి ఆయన మజూరీ, ఏటా నిర్వహణ కలుపుకోవాలి.

ఏది పెట్టినా పేజీలో ఉండాల్సినవి

వాట్సాప్‌లో జనం అడిగే ప్రశ్నలే మీ పేజీ. వారం రోజుల మెసేజీలు వెనక్కి చదవండి, ఎక్కువసార్లు అడిగిన ఐదు రాసుకోండి, వాటి జవాబులు మొదటి తెర మీదే పెట్టండి. "నాణ్యతే మా ధ్యేయం" లాంటి వాక్యం ఎవరూ చదవరు. "పెట్టెలో పది. ఆవునెయ్యి. పార్శిళ్లు సోమ, గురువారాల్లో" అంటే చదువుతారు.

తెలుగులో పెట్టండి, కింద ఇంగ్లీషులోనూ పెట్టండి. ప్రెస్సులో విజిటింగ్ కార్డు కొట్టించినప్పటి మ్యాటరు పంపుతామని చాలామంది అంటారు. అది అను ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది, పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఫోన్లు, బ్రౌజర్లు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్ కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవాలి. పాంప్లెట్ ఫోటో తీసి అదే పేజీ అంతా పరిచేస్తే అందులోని ధరని మీరు దిద్దలేరు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా ఉన్నాయి. లోపలి మాటలకి మండలి లేక నోటో, రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి పేరుకి మాత్రమే.

ఫోటోలు పగటి వెలుతురులో మీ ఫోన్‌తోనే తియ్యండి. ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీలుంటుంది, అలాగే ఎక్కించకండి. స్క్వూష్ అనే ఉచిత టూల్‌లో రెండు వందల కేబీలోపు కుదించండి. పల్లెటూళ్లో రెండు గీతల సిగ్నల్ మీద పేజీ తెరుచుకోవాలి.

తిండి సరుకులైతే ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు పేజీలో ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి: వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే మనిషి పేరు, ఫోను కనపడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. జీఎస్టీ విషయంలో చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. పన్ను పడే సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. చేనేత, హస్తకళల్లో కొన్నిటికి మినహాయింపులున్నాయి. ఆత్రేయపురం నుంచి హైదరాబాద్‌కి పంపే పెట్టె మనకి ఒకే ఇంట్లో గది మారినట్టే అనిపిస్తుంది కానీ చట్టం దృష్టిలో అది వేరే రాష్ట్రం. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు అలా పంపకూడదు కూడా. "ఆలిండియా డెలివరీ" అని సైట్‌లో రాసే ముందు మీ ఆడిటర్ని ఒకసారి అడగండి.

పిన్నికి ఏం పెట్టాం

పిన్నికి వర్డ్‌ప్రెస్ చెయ్యడం నాకు ఒక రోజు పని. చెయ్యలేదు. కోడలు ఫోన్‌కి ఓటీపీ రప్పించి డాట్ ఇన్ పేరు కొనిపించాను, పాత అడ్రసుకి దగ్గరగా ఉండేదే. రెన్యువల్ తేదీ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాశాం, ఆటో రెన్యువల్ కూడా పెట్టాం. గూగుల్ సైట్స్‌లో ఒకటే పేజీ. పైన పిన్ని చేతులు రేకు చుడుతున్న ఫోటో, కింద ఐదు జవాబులు, ఆ కింద ధరల షీట్, వాట్సాప్ బటన్. ఆర్డర్లు రోజుకి ఇరవై దాటితే వూకామర్స్‌కి మారదామని, అదే పేరు అటు తిప్పుదామని అనుకున్నాం.

కొత్త పెట్టెలు కొట్టించే ముందు అడ్రసు ప్రూఫ్ నాకు పంపింది కోడలు. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దించాం. మొన్న నెయ్యి ధర పెరిగినప్పుడు మనవడు బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే షీట్‌లో మూడు గళ్లు మార్చాడట. పిన్ని ఫోన్ చేసి చెప్పింది. వెనకాల పెనం మీద రేకు తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.